మామిడి తోటల్లో ట్రాక్టరు, ట్రక్కు టైర్లకు గాలి నింపే పోర్టబుల్ కంప్రెసర్ ఎంపిక: నూజివీడు ప్రాంత అవసరాల దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం

మామిడి తోటలో తిరిగే ట్రాక్టరుకు తక్కువ గాలి పీడనం, బరువుతో రోడ్డెక్కే ట్రక్కుకు ఎక్కువ గాలి పీడనం అవసరం. తోట వద్ద గాలి నింపే సాధనం లేకపోవడంతో ఏడాది పొడవునా ఒకే పీడనంతో రెండు పనులూ సాగుతున్నాయి. ఫలితంగా తోటలో నేల గట్టిపడుతుంది, లేదా రోడ్డు మీద టైరు వేడెక్కి పగులుతుంది. పోర్టబుల్ కంప్రెసర్‌ను ఎంచుకునేటప్పుడు దాని మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన గరిష్ఠ పీడనాన్ని కాక, పని జరిగే పీడనం వద్ద నిమిషానికి అది అందించే గాలి పరిమాణాన్ని చూడాలి. కావలసిన పీడనాన్ని ట్రక్కు టైరు, కావలసిన గాలి పరిమాణాన్ని ట్రాక్టరు వెనుక టైరు నిర్ణయిస్తాయి. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని గణన విధానాన్ని, విద్యుత్ వనరు ఎంపికను, కొలత సాధనాలను, భద్రతా నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

చాలాకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు ప్రాంతం మామిడికి పెట్టింది పేరు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలలోను, పొరుగున ఉన్న విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాలలోను ఎర్ర నేలల్లో చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, తోతాపురి రకాల తోటలు విస్తరించి ఉన్నాయి. తోటల నుంచి కాయ ట్రాక్టరు ట్రక్కుల్లో నూజివీడు పరిసరాల కొనుగోలు కేంద్రాలకు, విజయవాడ సమీపంలోని నున్న మామిడి మార్కెట్టుకు, హనుమాన్ జంక్షన్ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారికి చేరుతుంది.

ఈ ప్రయాణంలో ఒకే వాహనం రెండు భిన్నమైన నేలల మీద నడుస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తేనెమంచు పురుగు, బూడిద తెగులు నివారణకు మందు పిచికారి చేసేటప్పుడు, తొలకరి తర్వాత అంతరకృషి చేసేటప్పుడు ట్రాక్టరు చెట్ల సాళ్ళ మధ్య మెత్తని నేల మీద నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అదే ట్రాక్టరు నాలుగైదు టన్నుల బరువును లాగుతూ కాలుతున్న తారు రోడ్డు మీద నడుస్తుంది. ఈ రెండు పనులకు తగిన గాలి పీడనం ఒకటి కాదు.

టైరులోని గాలిని తీయడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. వాల్వులోని పిన్నును నొక్కితే చాలు. తిరిగి నింపడానికి మాత్రం కంప్రెసర్ కావాలి. అది ఊరిలోని పంక్చర్ల షాపులో ఉంటుంది, తోటలో ఉండదు. గాలి తీసిన టైరుతో షాపు వరకు రోడ్డు మీద వెళ్ళడం ప్రమాదం కనుక అసలు గాలి తీయకపోవడమే రైతుకు అలవాటైంది. నేల గట్టిపడకుండా టైర్లలో గాలి తగ్గించుకోవాలన్న సిఫారసు ఆచరణలోకి రాకపోవడానికి ప్రధాన కారణం ఇదే. అందువల్ల తోట వద్ద తగిన కంప్రెసర్ ఉండటం మరమ్మతుల సౌకర్యానికే పరిమితమైన విషయం కాదు, అది నేల యాజమాన్యంలో ఒక భాగం.

టైరు పీడనానికి, నేల గట్టిపడటానికి గల సంబంధం

గాలితో నింపిన టైరును 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ రూపొందించి పేటెంటు పొందాడు. ట్రాక్టర్లు మాత్రం ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా ఇనుప చక్రాలతోనే నడిచాయి. 1932లో అమెరికాలోని అల్లిస్-చామర్స్ సంస్థ తన ‘యు’ నమూనా ట్రాక్టరును గాలి టైర్లతో మార్కెట్టులో ప్రవేశపెట్టిన తరువాత వాటి వాడకం వేగంగా వ్యాపించింది. తక్కువ పీడనం గల టైరు నేల మీద వెడల్పుగా పరచుకొని, జారుడు తగ్గించి, ఇంధనం ఆదా చేస్తుందని అప్పుడే గుర్తించారు.

టైరు నేలను తాకే భాగంలోని సగటు ఒత్తిడి, టైరు లోపలి గాలి పీడనానికి దగ్గరగా ఉంటుంది. టైరు పక్కగోడల బిరుసుతనం వల్ల వాస్తవ ఒత్తిడి కొంత ఎక్కువే. ఆ బిరుసుతనాన్ని పక్కన పెట్టి, 1,000 కిలోల బరువు మోస్తున్న ఒక చక్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే నేలను తాకే వైశాల్యం ఈ విధంగా ఉంటుంది.

12 పీఎస్ఐ వద్ద: సుమారు 1,190 చదరపు సెంటీమీటర్లు
18 పీఎస్ఐ వద్ద: సుమారు 790 చదరపు సెంటీమీటర్లు
80 పీఎస్ఐ వద్ద: సుమారు 180 చదరపు సెంటీమీటర్లు

అంటే అదే బరువును 80 పీఎస్ఐ టైరు అరచేతి కంటే కొంచెం పెద్దదైన చోట మోపుతుంది. జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ జోనే 1950వ దశకంలో చేసిన అధ్యయనాలు ఈ విషయంలో నేటికీ ఆధారంగా ఉన్నాయి. నేల పై పొరలోని ఒత్తిడిని ప్రధానంగా టైరు పీడనం నిర్ణయిస్తుంది, లోతు పెరిగే కొద్దీ మొత్తం చక్రం బరువు ప్రభావం పెరుగుతుంది. టైరులో గాలి తగ్గించడం పై పొరను కాపాడుతుంది, లోపలి పొరను కాపాడటానికి బరువు తగ్గించడమే మార్గం.

మామిడిలో నీటిని, పోషకాలను గ్రహించే సన్నని వేర్లలో అధిక భాగం పై పొరల్లోనే వ్యాపించి ఉంటాయి. ఎర్ర నేలలు తడిసినప్పుడు మెత్తబడి, ఎండినప్పుడు బిగుసుకుంటాయి. తడి నేల మీద పడిన చక్రం జాడ ఎండిన తరువాత గట్టి పట్టీగా మారుతుంది. వాన నీరు అక్కడ ఇంకక పక్కకు పారుతుంది, వేరు చొచ్చుకుపోలేదు. వార్షిక పంటల్లో ఈ పట్టీని ఏటా దున్ని విడదీయవచ్చు. ముప్పై, నలభై ఏళ్ళ మామిడి చెట్టు కింద లోతుగా దున్నితే వేర్లు తెగుతాయి. కనుక తోటలో గట్టిపడిన నేలను బాగుచేయడం కంటే గట్టిపడకుండా చూడటమే సులభం.

ఇక్కడ ఒక పరిమితిని స్పష్టంగా చెప్పవలసి ఉంది. బరువు నింపిన ట్రక్కు టైరులో గాలి తగ్గించడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. ఆ టైరు అధిక పీడనం వద్ద మాత్రమే ఆ బరువును మోయగలదు. కాబట్టి తోట లోపల ట్రక్కును తిప్పకుండా, సాళ్ళ చివరనో నిర్ణీత బాటలోనో నిలిపి, కాయను క్రేట్లలో అక్కడికి చేర్చడం మేలు. పొలం పీడనం, రోడ్డు పీడనం అనే రెండు స్థాయిల విధానం ట్రాక్టరు టైర్లకే వర్తిస్తుంది. ట్రక్కు టైర్లకు కావలసింది ప్రతి ప్రయాణానికి ముందు నిర్ణీత పీడనం ఉందో లేదో చూసి, తగ్గిన మేరకు నింపడం.

ఏ టైరుకు ఎంత పీడనం

సాధారణ వాడకంలో ఉన్న 13.6-28 కొలత గల ట్రాక్టరు వెనుక టైర్లకు పొలం పనుల్లో సుమారు 12 నుంచి 14 పీఎస్ఐ, రోడ్డు మీద బరువు లాగేటప్పుడు అంతకంటే ఎక్కువ పీడనం వాడతారు. 6.00-16 ముందు టైర్లకు ఇంతకు రెట్టింపు కంటే ఎక్కువే అవసరమవుతుంది. 7.50-16, 9.00-16 కొలతలు గల, 16 ప్లై ట్రక్కు టైర్లకు పూర్తి బరువు వద్ద 80 పీఎస్ఐ ప్రాంతంలో పీడనం కావాలి. ఈ అంకెలు అవగాహన కోసమే. ప్రతి టైరుకు దాని కొలత, ప్లై రేటింగు, చక్రం మీద పడే బరువును బట్టి తయారీదారు ఇచ్చిన పట్టికనే అనుసరించాలి. టైరు పక్కగోడ మీద ముద్రించినది సాధారణంగా గరిష్ఠ బరువు, దానికి తగిన పీడనం అని గమనించాలి.

ప్రమాణాల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ట్రాక్టరు పుస్తకంలో చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాములలో, కంప్రెసర్ మీద బార్లలో, షాపులో పీఎస్ఐలో అంకెలు ఉంటాయి. ఒక బారు 14.5 పీఎస్ఐకి, చదరపు సెంటీమీటరుకు 1.02 కిలోలకు సమానం. గాలి ప్రవాహాన్ని కొన్ని యంత్రాల మీద నిమిషానికి ఘనపుటడుగులలో చూపుతారు. ఒక ఘనపుటడుగు 28.3 లీటర్లు.

కావలసిన గాలి పరిమాణాన్ని లెక్కించే విధానం

బాయిల్ సూత్రం ప్రకారం, స్థిర ఉష్ణోగ్రత వద్ద ఒక టైరు పీడనాన్ని పెంచడానికి కావలసిన బయటి గాలి పరిమాణం టైరు లోపలి ఘనపరిమాణం మీద, పెంచవలసిన పీడనం మీద ఆధారపడుతుంది. సూత్రం ఇది:

కావలసిన గాలి (లీటర్లు) = టైరు ఘనపరిమాణం (లీటర్లు) × పెంచవలసిన పీడనం (పీఎస్ఐ) ÷ 14.7

కొలతలను బట్టి అంచనా వేస్తే 7.50-16 ట్రక్కు టైరు లోపలి ఘనపరిమాణం సుమారు 55 లీటర్లు, 13.6-28 ట్రాక్టరు వెనుక టైరుది సుమారు 230 లీటర్లు. వీటితో మూడు సందర్భాలను పరిశీలించవచ్చు.

ఒకటవ సందర్భం: తోటలో పని ముగించి రోడ్డెక్కే ముందు రెండు వెనుక టైర్లను 12 నుంచి 18 పీఎస్ఐకి పెంచడం. ఒక్కో టైరుకు 230 × 6 ÷ 14.7 = 94 లీటర్లు, రెండింటికి 188 లీటర్లు.

రెండవ సందర్భం: రెండు చక్రాల ట్రక్కు టైర్లను 65 నుంచి 80 పీఎస్ఐకి పెంచడం. ఒక్కో టైరుకు 55 × 15 ÷ 14.7 = 56 లీటర్లు, రెండింటికి 112 లీటర్లు.

మూడవ సందర్భం: పంక్చరు వేసిన తరువాత ఒక ట్రక్కు టైరును ఖాళీ స్థితి నుంచి 80 పీఎస్ఐకి నింపడం. 55 × 80 ÷ 14.7 = సుమారు 300 లీటర్లు.

మొదటి సందర్భంలో పీడనం స్వల్పం, గాలి ఎక్కువ. రెండవ సందర్భంలో గాలి తక్కువ, పీడనం ఎక్కువ. మూడవ సందర్భంలో రెండూ ఎక్కువే. ట్రక్కు టైరు పీడనాన్ని అందుకోలేని కంప్రెసర్ పనికిరాదు. అందుకున్నా, ట్రాక్టరు టైరుకు సరిపడే గాలిని సహేతుకమైన కాలంలో ఇవ్వలేని కంప్రెసర్‌ను రైతు నాలుగు రోజులు వాడి మూలన పెడతాడు. వెనుక టైర్లలో బరువు కోసం నీరు నింపి ఉంటే గాలికి మిగిలే చోటు తగ్గుతుంది కనుక కావలసిన గాలి కూడా ఆ మేరకు తగ్గుతుంది.

యంత్రం మీది అంకెలను అర్థం చేసుకోవడం

మార్కెట్టులో లభించే చిన్న కంప్రెసర్ల మీద 150 పీఎస్ఐ అనే అంకె ప్రముఖంగా కనిపిస్తుంది. అది ఆ యంత్రం చేరగల గరిష్ఠ పీడనం. ఆ స్థితిలో దాదాపు గాలి ప్రవాహమే ఉండదు. నిమిషానికి ఇన్ని లీటర్లు అని ముద్రించిన అంకె సాధారణంగా ఎదురు పీడనం లేనప్పటిది. ఈ రెండు అంకెలూ ఒకే క్షణంలో సాధ్యం కావు. పీడనం పెరిగే కొద్దీ ప్రవాహం తగ్గుతుంది. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 80 పీఎస్ఐ వద్ద నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి వస్తుంది? దీనికి సమాధానం తయారీదారు పట్టికలో లేకపోతే కింద వివరించిన పరీక్షతో తెలుసుకోవచ్చు.

పోలిక కోసం మూడు తరగతుల యంత్రాలను ఊహించుకుందాం. మొదటిది కార్ల కోసం చేసిన 12 వోల్టుల ఒంటి సిలిండరు పంపు. ఎదురు పీడనం లేనప్పుడు నిమిషానికి 35 లీటర్లు, తక్కువ పీడనం వద్ద 30, 80 పీఎస్ఐ వద్ద 12 లీటర్లు ఇస్తుందనుకుందాం. రెండవది బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించే జంట సిలిండర్ల పంపు. ఎదురు పీడనం లేనప్పుడు 70, తక్కువ పీడనం వద్ద 60, 80 పీఎస్ఐ వద్ద 30 లీటర్లు. మూడవది 1 హెచ్‌పీ మోటారు, ట్యాంకు గల కంప్రెసర్. దాదాపు 100 లీటర్లు. పైన చెప్పిన మూడు సందర్భాలకు పట్టే కాలం ఈ విధంగా ఉంటుంది.

ఒంటి సిలిండరు పంపు: మొదటి సందర్భానికి 6, రెండవ దానికి 9, మూడవ దానికి 15 నిమిషాలు.
జంట సిలిండర్ల పంపు: వరుసగా 3, 4, 7 నిమిషాలు.
1 హెచ్‌పీ కంప్రెసర్: వరుసగా 2, 1, 3 నిమిషాలు.

కాలం ఒక్కటే చూస్తే చిన్న పంపు కూడా నెట్టుకు వస్తుందనిపిస్తుంది. అయితే వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 40 డిగ్రీల సెల్సియస్ గాలిని చల్లబరచకుండా ఒకే దశలో 80 పీఎస్ఐకి కుదిస్తే సిద్ధాంతపరంగా దాని ఉష్ణోగ్రత 260 డిగ్రీల వరకు చేరుతుంది. సిలిండరు గోడల ద్వారా కొంత వేడి బయటికి పోయినా, మే నెల మధ్యాహ్నం ఆ వేడిని వదిలించుకోవడం చిన్న యంత్రానికి కష్టం. అందుకే తయారీదారులు ఎంతసేపు నడపాలో, ఎంతసేపు ఆపాలో డ్యూటీ సైకిల్ పేరుతో సూచిస్తారు. పది నిమిషాలకు మించి ఏకధాటిగా నడపరాదని సూచించిన పంపుతో పంక్చరు వేసిన ట్రక్కు టైరును ఒకేసారి నింపలేము. నాలుగు చక్రాల ట్రక్కు అయితే రెండవ సందర్భంలోని పని కూడా రెట్టింపవుతుంది. ఇలాంటి పంపు అత్యవసరానికి ఉపయోగపడుతుంది, రోజువారీ పనికి చాలదు.

ట్యాంకు విషయంలో కూడా ఒక అపోహ ఉంది. 24 లీటర్ల ట్యాంకులో 120 పీఎస్ఐ గాలి ఉన్నా, ట్రక్కు టైరుకు ఉపయోగపడేది 85 పీఎస్ఐకి తగ్గే వరకే. ఆ గాలి 24 × 35 ÷ 14.7 = 57 లీటర్లు. అంటే ఒక ట్రక్కు టైరును ఒకసారి సరిచేయడానికి సరిపోతుంది. ఆ తరువాత యంత్రం ఎంత గాలి ఇవ్వగలిగితే అంతే. ట్యాంకు గాలిని నిల్వ చేస్తుంది, ఉత్పత్తి చేయదు. మొదటి తాకిడికి, బీడు రిమ్ముకు అతుక్కోవడానికి అది తోడ్పడుతుంది.

శక్తి వనరు ఎంపిక

వ్యవసాయ విద్యుత్తు రోజుకు 9 గంటలు అందినా, అది బోరు ఉన్న చోటనే లభిస్తుంది. ట్రక్కు నిలిచే చోటు, బోరు ఉన్న చోటు ఒకటి కాకపోవచ్చు. మూడు ఫేజుల మోటారు గల కంప్రెసర్ సింగిల్ ఫేజు ఉన్నప్పుడు నడవదు. సొంత షెడ్డు, ఇంటి కనెక్షను ఉన్న రైతుకు సింగిల్ ఫేజు 1 హెచ్‌పీ యంత్రం సరిపోతుంది. కౌలుకు తోటలు తీసుకొని చోటు మారే వ్యాపారులకు అది అక్కరకు రాదు.

ట్రాక్టరు బ్యాటరీ ఎల్లవేళలా అందుబాటులో ఉండే వనరు. చాలా ట్రాక్టర్లలో 12 వోల్టులు, 36 ఆంపియర్ల ఆల్టర్నేటరు ఉంటుంది. జంట సిలిండర్ల పంపు సుమారు 30 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక ఇంజను నడుస్తుండగానే, లైట్లు ఆపి, దానిని వాడాలి. సిగరెట్ లైటరు సాకెట్టు ఇంత కరెంటును భరించదు. క్లిప్పులను బ్యాటరీకే తగిలించి, మధ్యలో తగిన ఫ్యూజు తప్పక ఉంచాలి.

బ్యాటరీ నుంచి ట్రక్కు చక్రం వరకు ఆరేడు మీటర్ల దూరం ఉంటుంది. ఈ దూరాన్ని తీగతో పూరించాలా, గాలి గొట్టంతో పూరించాలా? 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 5 మీటర్ల దూరానికి వాడితే, రానుపోను 10 మీటర్లలో 30 ఆంపియర్ల వద్ద 2.1 వోల్టులు నష్టమవుతాయి. అంటే 12 వోల్టులలో ఆరో వంతు తీగలోనే వేడిగా పోతుంది. పంపు నెమ్మదించి మరింత వేడెక్కుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టం సుమారు అర వోల్టే. ఇంత తక్కువ ప్రవాహంలో గాలి గొట్టం పొడవు వల్ల కలిగే నష్టం స్వల్పం. కనుక పంపును బ్యాటరీ దగ్గరే ఉంచి, పొడవైన గొట్టం వాడటం మేలు.

నాలుగైదు ట్రాక్టర్లు, అంతే సంఖ్యలో ట్రక్కులు నడిపే వ్యాపారులు, అద్దె యంత్రాల కేంద్రాలు పెట్రోలు ఇంజనుతోనో, ట్రాక్టరు పీటీఓతోనో నడిచే పెద్ద కంప్రెసర్‌ను ఉమ్మడిగా ఉంచుకోవచ్చు. కాయ కోత కాలంలో ట్రక్కులు వరుసగా బయలుదేరే చోట ఇది సమయాన్ని ఆదా చేస్తుంది.

కొలత సాధనం

కంప్రెసర్‌కు అమర్చిన 0 నుంచి 150 పీఎస్ఐ గేజితో ట్రాక్టరు వెనుక టైరును సరిచేయడం సాధ్యం కాదు. గేజి దోషాన్ని పూర్తి స్కేలులో 2.5 శాతంగా తీసుకుంటే 150 పీఎస్ఐ గేజిలో అది 3.75 పీఎస్ఐ. 80 పీఎస్ఐ కొలిచేటప్పుడు ఈ తేడా 5 శాతం లోపే. 12 పీఎస్ఐ కొలిచేటప్పుడు అదే తేడా 31 శాతం. నూటికి ముప్పై తప్పుతో పొలం పీడనం, రోడ్డు పీడనం అన్న విభజనకే అర్థం ఉండదు. అందుచేత ట్రాక్టరు టైర్ల కోసం 0 నుంచి 30 పీఎస్ఐ వరకు చూపే వేరొక గేజి కొనాలి. కంప్రెసర్ ఖర్చుతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ. నీరు నింపిన టైర్లలో వాల్వు పైభాగానికి వచ్చేలా చక్రం నిలిపి కొలవాలి, లేకుంటే నీరు గేజిలోకి చేరుతుంది.

టైరు చల్లగా ఉన్నప్పుడే పీడనం చూడాలి. తెల్లవారుజామున 25 డిగ్రీల వద్ద 80 పీఎస్ఐ ఉన్న టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 86 పీఎస్ఐ చూపుతుంది. ఇది సహజమైన పెరుగుదల, తయారీదారు లెక్కలో ముందే ఉన్నది. మధ్యాహ్నం గేజి ఎక్కువ చూపుతోందని గాలి తీస్తే రాత్రి ప్రయాణానికి టైరు మెత్తబడుతుంది. గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి, లోపల వేడి పుట్టి, పొరలు విడిపోతాయి. బరువుతో వెళ్తున్న ట్రక్కు టైరు పగిలితే ట్రక్కు ఒరుగుతుంది. కాయ బస్తాల మీద, క్రేట్ల మీద కూలీలు కూర్చొని ప్రయాణించే అలవాటు ఉన్న చోట అది ప్రాణాలకు ముప్పు. గాలి మరీ ఎక్కువైనా నష్టమే. స్ప్రింగులు లేని ట్రక్కులో ప్రతి కుదుపూ నేరుగా కాయకు తగులుతుంది. రసాల వంటి మెత్తని కాయకు అది మంచిది కాదు.

గాలి నింపేటప్పుడు పాటించవలసిన భద్రత

గాలి నింపేటప్పుడు టైరుకు ఎదురుగా కాక, ట్రెడ్డు వైపున దూరంగా నిలబడాలి. అందుకు చేత్తో పట్టుకోనవసరం లేని క్లిప్పు నాజిలు, కనీసం మూడు మీటర్ల గొట్టం, చేతి దగ్గర గేజి ఉండాలి. కంప్రెసర్‌తో పాటు వచ్చే పొట్టి గొట్టం ఈ పనికి తగదు.

ట్రక్కుల్లో లాక్ రింగు గల రిమ్ములు ఉంటే అదనపు జాగ్రత్త అవసరం. రింగు సరిగా కూర్చోకుండా గాలి నింపితే అది తుపాకి గుండులా ఎగిరి వస్తుంది. ఇలాంటి చక్రాన్ని విప్పి బిగించినప్పుడు ఇనుప బోను లోపల మాత్రమే గాలి నింపాలి. తోటలో ఆ పని చేయరాదు. నిర్ణీత పీడనంలో 80 శాతం కంటే తక్కువ గాలితో బరువు మోస్తూ నడిచిన టైరును నేరుగా నింపకుండా, విప్పి లోపలి భాగాన్ని పరీక్షించాలి. 80 పీఎస్ఐ టైరుకు ఈ హద్దు 64 పీఎస్ఐ. ట్రాక్టరు వెనుక టైరు బీడును రిమ్ముకు ఎక్కించేటప్పుడు 35 పీఎస్ఐ దాటరాదు. ఆ పీడనానికీ కూర్చోకపోతే గాలి తీసి, బీడుకు కందెన రాసి మళ్ళీ ప్రయత్నించాలి.

ట్యాంకు గల కంప్రెసర్లలో రక్షణ వాల్వు పనిచేస్తోందో లేదో తరచూ చూడాలి, ట్యాంకు అడుగున చేరే నీటిని ప్రతిరోజూ వదలాలి. ఎర్ర దుమ్ము లేచే వేసవిలో గాలి పీల్చుకునే ఫిల్టరును శుభ్రం చేయకపోతే పిస్టను రింగులు త్వరగా అరిగిపోతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు రెండు క్షేత్ర పరీక్షలు

మొదటి పరీక్ష కంప్రెసర్ సామర్థ్యానికి సంబంధించినది. ఘనపరిమాణం తెలిసిన టైరును 60 పీఎస్ఐ వద్ద నిలిపి, 70 పీఎస్ఐకి చేరడానికి పట్టే కాలాన్ని గడియారంతో కొలవాలి. 55 లీటర్ల టైరుకు చేరే గాలి 37 లీటర్లు. దానికి రెండు నిమిషాలు పడితే, ఆ పీడనం వద్ద యంత్రం నిమిషానికి 18 నుంచి 19 లీటర్లు ఇస్తోందన్నమాట. ఇదే పరీక్షను ఏటా కోత కాలానికి ముందు చేస్తే యంత్రం అరుగుదల కూడా తెలుస్తుంది.

రెండవ పరీక్ష నేలను తాకే వైశాల్యానికి సంబంధించినది. ట్రాక్టరు వెనుక టైరు చుట్టూ నేల మీద సున్నం పొడి చల్లి, ముందు 18, తరువాత 12 పీఎస్ఐ వద్ద టైరు జాడ అంచులను గుర్తించి కొలవాలి. గట్టి నేల మీద, మెత్తని నేల మీద విడివిడిగా చేస్తే తేడా కంటికే కనిపిస్తుంది. రైతు శిక్షణ కార్యక్రమాల్లో నేల గట్టిపడటం గురించి చెప్పే ఉపన్యాసం కంటే ఈ రెండు జాడలు ఎక్కువ ప్రభావం చూపగలవు.

ముగింపు

సొంత తోట, ఒక ట్రాక్టరు, ఒక ట్రక్కు ఉన్న నూజివీడు ప్రాంత రైతుకు బ్యాటరీకి నేరుగా తగిలించే జంట సిలిండర్ల పంపు, పొడవైన గొట్టం, క్లిప్పు నాజిలు, 30 పీఎస్ఐ వరకు చూపే గేజి తగిన ఎంపిక. షెడ్డు వద్ద విద్యుత్తు ఉంటే సింగిల్ ఫేజు 1 హెచ్‌పీ కంప్రెసర్ మెరుగు. ఎక్కువ ట్రక్కులు నడిపేవారికి ఇంజను లేదా పీటీఓ యంత్రం అవసరం. ఏది కొన్నా ముందుగా తన టైర్ల కొలతలు, వాటికి కావలసిన పీడనాలు కాగితం మీద రాసుకొని, పైన ఇచ్చిన సూత్రంతో గాలిని, కాలాన్ని లెక్కించుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇకపై టైరు పీడనం తగ్గించమని సిఫారసు చేసేటప్పుడు, తిరిగి నింపుకునే మార్గాన్ని కూడా అదే సిఫారసులో చేర్చవలసి ఉంది. ఆ మార్గం రైతు చేతిలో లేనంత కాలం చెట్టు కింది నేల రోడ్డుకు తగిన పీడనాన్నే భరిస్తూ ఉంటుంది.